నాగలింగం మొద్దు మీద వేలాడేవి బదనికలు కావు

పోయిన మాఘమాసంలో, శివరాత్రి ఇంకా వారం ఉందనగా, మా ఊరి శివాలయంలో నాగలింగం చెట్టు మొద్దు మీదున్న కొమ్మలన్నీ కొట్టేశారు. నిచ్చెన అందినంత ఎత్తు దాకా. గుడికి సున్నాలు వేయిస్తూ పనిలో పనిగా చెట్టు కూడా శుభ్రంగా కనపడాలని చేయించారట. నేను పండక్కి వెళ్లేసరికి మొద్దు బోడిగా ఉంది, కొట్టిన చోటల్లా తెల్లటి గాట్లు, నడుం ఎత్తు వరకు సున్నం, దాని మీద ఎర్రమన్ను పట్టీ. కొట్టినాయన్ని అడిగితే "అవి పిచ్చి తీగలమ్మా, బదనిక లాంటివి, చెట్టు రసమంతా పీల్చేస్తున్నాయి, తీసేస్తే చెట్టు బాగుపడుద్ది" అన్నాడు. చెట్టుకి మేలు చేద్దామనే చేశాడాయన, అందులో నాకే అనుమానం లేదు. కానీ ఆయన కొట్టేసినవి బదనికలు కావు, ఆ చెట్టు పూలకొమ్మలు. ఈ చెట్టు పూసేదీ కాసేదీ వాటి మీదే.

ఆ రోజు నుంచి ఇది రాయాలని అనుకుంటూనే ఉన్నాను. మనలో చాలామందికి ఈ పువ్వు బాగా తెలుసు. కింద పడిన పువ్వు కనిపిస్తే తీసి కళ్లకద్దుకుంటాం, మధ్యలో లింగం, పైన నాగుపాము పడగ, చుట్టూ కూర్చున్న మునులు అని పిల్లలకి వేలు పెట్టి చూపిస్తాం. నాకూ మా నాన్నమ్మ అలాగే చూపించింది. చెట్టు సంగతి మాత్రం నాన్నమ్మకీ తెలియదు, నాకూ డిగ్రీలో బాటనీ తీసుకునేదాకా తెలియలేదు.

ముందు దీని సొంత ఊరి గురించి చెప్పాలి. నాగలింగం, నాగమల్లి, కొన్నిచోట్ల మల్లికార్జున పువ్వు అని మనం పిలిచే ఈ చెట్టు మన దేశపు చెట్టు కాదు. అమెజాన్ వర్షారణ్యం దీని ఇల్లు. గయానా, వెనెజువెలా, కొలంబియా, ఈక్వెడార్, పెరూ, బ్రెజిల్, ఇటు మధ్య అమెరికాలో పనామా, కోస్టారికా దాకా అడవుల్లో తనంతట తను పెరుగుతుంది. నదులు పొంగినప్పుడు నీళ్లు నిలిచే పల్లపు అడవుల్లో కూడా కనిపిస్తుంది. 1775లో ఓబ్లే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఫ్రెంచి గయానా మొక్కల గురించి పెద్ద పుస్తకం వేశాడు, దీనికి కౌరూపిటా గయానెన్సిస్ అని పేరు పెట్టింది ఆయనే. కౌరూపిటా అనేది అక్కడి మూలవాసులు ఈ చెట్టుని పిలిచే మాట నుంచి తీసుకున్నది, గయానెన్సిస్ అంటే గయానాది అని. అంటే పేరులోనే ఊరు ఉంది.

ఈ మాట గుడిలో చెప్తే కొంతమంది బాధపడతారు, నాకు తెలుసు. "మన కావ్యాల్లో నాగకేసరాలు ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి, కానీ ఆ నాగకేసరం వేరే చెట్టు. తెల్లటి నాలుగు రేకుల పువ్వు, మధ్యలో పసుపుపచ్చటి కేసరాల గుత్తి, ఇనుమంత గట్టి కలప, పడమటి కనుమల్లోనూ శ్రీలంకలోనూ పుట్టిపెరిగిన చెట్టు అది. ఇక నాగమల్లె అని తామరకి ఆకు నూరి రాసే చిన్న మొక్క ఒకటుంది, దానికీ దీనికీ అసలు సంబంధమే లేదు. పేర్లలో నాగు ఉన్నంత మాత్రాన అన్నిటినీ ఒకే గాట కట్టేస్తే ఎలా? నా మటుకు నాకు, ఇది సముద్రాలు దాటి వచ్చిన చెట్టని తెలిశాక ఈ పువ్వు మీద భక్తి ఏమీ తగ్గలేదు. అమెజాన్ అడవిలో పూసిన పువ్వులో ఇక్కడి మనిషికి శివుడు కనిపించాడంటే, చూసిన ఆ కళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

శ్రీలంకలోనూ ఇలాంటి కథే జరిగింది. బ్రిటిషువాళ్లు 1881లో ఈ చెట్టుని అక్కడికి తెచ్చారు. ఇప్పుడు అక్కడ బౌద్ధాలయాల్లో దీన్ని సాల్ చెట్టు అంటారు, బుద్ధుడు పుట్టింది ఈ చెట్టు కిందే అని మొక్కుతారు. అసలు సాల వృక్షం, అంటే మన ఉత్తరాంధ్ర అడవుల దాకా కనిపించే గుగ్గిలం చెట్టు, పూర్తిగా వేరు. వాళ్లకి ఆ పువ్వు మధ్యలో కనిపించేది లింగం కాదు, స్తూపం. క్యాండీ పక్కన పెరదేనియ తోటలో అయిదో జార్జి ఇంకా రాజు కాకముందు, 1901లో, భార్య మేరీతో కలిసి నాటిన నాగలింగం చెట్టు ఉంది.

సరే, మొద్దు సంగతికి వస్తాను. మొద్దుకే పూయడం, మొద్దుకే కాయడం మనకి కొత్త కాదు. పనసకాయ ఎక్కడ కాస్తుంది? మేడిపళ్లు ఎక్కడ కాస్తాయి? గోదావరి వైపు కొబ్బరితోటల్లో అంతరపంటగా వేసిన కోకో చెట్లని చూసినవాళ్లకి తెలుసు, కాయలు మొద్దుకే అతుక్కుని ఉంటాయి. నాగలింగంలో తేడా ఏమిటంటే, దీనికి మొద్దు మీద నుంచి ప్రత్యేకంగా కొమ్మలే వస్తాయి, ఆకు లేని కొమ్మలు, వంకరటింకరగా, ఒకదానిలో ఒకటి చిక్కుకుని, గడ్డం లాగా కిందికి వేలాడుతూ. ఒక్కోటి రెండు మూడడుగులు ఉంటుంది, కొన్ని మనిషి కంటే పొడుగు పెరుగుతాయి. వాటి మీద మొగ్గలు వరసగా వస్తాయి, వెనక పాత మొగ్గలు పూసి రాలుతుంటే ముందు కొన కొత్త మొగ్గలు వేసుకుంటూ సాగుతుంది. దూరం నుంచి చూస్తే ఎవరికైనా చెట్టు మీద ఇంకేదో పాకిందనే అనిపిస్తుంది. ఆకు లేకపోవడం వల్లే ఇంత గందరగోళం. చెట్టు ఆకులన్నీ పైన, రెమ్మల చివర గుత్తులు గుత్తులుగా ఉంటాయి, జానెడు పైనే పొడుగు. కింద పువ్వులు, పైన ఆకులు, రెండూ ఒకే చెట్టువని కళ్లు ఒప్పుకోవు.

ఎందుకిలా అంటే, దాని అడవిలో నిలబడి చూస్తే అర్థమవుతుంది. అక్కడ ఈ చెట్టు 35 మీటర్ల ఎత్తు దాకా పోతుంది, అంటే పదంతస్తుల మేడ. పైన ఆకుల గుబురు, పక్క చెట్ల ఆకులు, తీగలు, అంతా ఇరుకు. కింద మొద్దు చుట్టూ మాత్రం ఖాళీ ఉంటుంది, పువ్వు దాక్కోనక్కర్లేదు, వాసన అడ్డం లేకుండా పోతుంది. పైగా దీని కాయ కొన్ని కిలోల బరువు, రెమ్మ చివర కాస్తే రెమ్మ ఆగుతుందా? మొద్దు మోస్తుంది.

ఇక పువ్వు. దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. ఆరు రేకులు, మందంగా, కండ ఉన్నట్టు ఉంటాయి, బయట పసుపు కలిసిన రంగు, లోపల గులాబీ, మొదట్లో ఎరుపు. మధ్యలో గుండ్రటి పళ్లెం లాంటి భాగం మీద వందల కొద్దీ పొట్టి కేసరాలు ఒత్తుగా నిలబడి ఉంటాయి. మునులు అనేది వీటినే. వాటి నడుమ చిన్న బొడిపె, అదే లింగం. అది అండాశయం పైభాగం, కాయ అయ్యేది అదే. ఆ పళ్లెం ఒక వైపు నుంచి పట్టీలాగా సాగి, వంగి, మళ్లీ మధ్యభాగం మీదికి వచ్చి గొడుగు పడుతుంది. అదే పడగ. పడగ లోపలి వైపు తిప్పి చూడండి, అక్కడ కూడా కేసరాలే, పొడుగ్గా, గులాబీ రంగులో, కొసన పసుపు. అంటే ఈ పువ్వులో కేసరాలు రెండు చోట్ల ఉన్నాయి. పడగంతా కేసరాలు కలిసి అల్లుకున్నదే.

రెండు చోట్ల ఎందుకో తెలిసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పువ్వులో తేనె లేదు, చుక్క కూడా. తేనె లేని పువ్వుకి ఎవరు వస్తారు? పుప్పొడి కోసం వస్తారు. కానీ వచ్చినవాళ్లు పుప్పొడంతా తినేస్తే గింజ కట్టేదెలా? అందుకని ఈ చెట్టు రెండు రకాల పుప్పొడి చేస్తుంది. మధ్యలో మునుల దగ్గరున్నది అసలు పుప్పొడి, గింజ కట్టించేది. పడగలో ఉన్నది తిండికి మాత్రమే, దానితో గింజ కట్టదు. పెళ్లింట్లో మంటపం ఒకచోట, విస్తళ్లు ఒకచోట పెట్టినట్టు. గండుతుమ్మెద వచ్చి పడగకీ పళ్లేనికీ మధ్యనున్న సందులో దూరుతుంది, పడగలో ఉన్న పొడి దులుపుకుని తింటూ ఉంటే, దాని వీపుకీ తలకీ మధ్యలో ఉన్న కేసరాల పొడి అంటుకుంటుంది. ఇంకో చెట్టు మీద ఇంకో పువ్వులో దూరినప్పుడు ఆ పొడి అక్కడి బొడిపెకి తగులుతుంది. ఆ సందు కొలత తుమ్మెద ఒంటికి సరిపోయేట్టు ఉంటుంది. ఈ కుటుంబం చెట్ల మీదే జీవితమంతా పనిచేసిన స్కాట్ మోరి అని న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ శాస్త్రవేత్త ఉండేవాడు, ఈ పడగలు, ఈ తుమ్మెదల లెక్క మనకి తెలిసిందంటే ఆయనలాంటివాళ్లు అమెజాన్‌లో చెట్లెక్కి చూడబట్టే.

మన దగ్గర కూడా ఈ పువ్వుకి గండుతుమ్మెదలు వస్తాయి. అమెరికాలో దీనికి వచ్చే తుమ్మెదలూ మన తుమ్మెదలూ దగ్గరి చుట్టాలు, ఒకే ప్రజాతి. మా గుడిలో పాత పందిరి వాసాలకి రూపాయి బిళ్ల కంటే చిన్న తొర్రలుంటాయి, అవి ఈ తుమ్మెదలు తొలుచుకున్నవే. పందిరి పాడవుతోందని వాటికి కిరసనాయిలు పోయడం నేను చిన్నప్పుడు చూశాను. దయచేసి పోయకండి. చెట్టుకి ఆ ఇల్లు కావాలి.

పువ్వు ఆయుష్షు ఒక్క రోజు. రాత్రి నుంచే వాసన మొదలవుతుంది, తెల్లవారుజామున బాగా ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి రాలిపోతుంది. పెద్ద చెట్టు విరగబూసినప్పుడు రోజుకి వెయ్యి పూల దాకా విచ్చుకుంటాయి. కార్తీకమాసంలో చీకటితో గుడికి వెళ్తే, గోపురం కనపడకముందే వాసన తగిలేది నాకు. మా నాన్నమ్మ అప్పుడు నడక ఆపి ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకునేది. ఇప్పటికీ ఆ వాసన వస్తే ఆవిడ పక్కనున్నట్టే ఉంటుంది.

కాయ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. బయటి దేశాల్లో ఈ చెట్టుని ఫిరంగిగుండు చెట్టు అంటారు, చూస్తే అలాగే ఉంటుంది, గుండ్రంగా, తుప్పు రంగులో, 25 సెంటీమీటర్ల అడ్డకొలత దాకా పెరుగుతుంది, పైన గట్టి చెక్క పెంకు. పండటానికి ఏడాది పడుతుంది, కొన్నిటికి ఏడాదిన్నర. అందుకే ఒకే చెట్టు మీద నిన్నటి మొగ్గ, ఇవాళ్టి పువ్వు, నిరుటి కాయ మూడూ కనిపిస్తాయి. పండాక తనంతట తను ఊడి పడుతుంది, ఆ పడటంలో పెంకు పగులుతుంది, పెద్ద చప్పుడు. లోపల గుజ్జు తెల్లగా ఉంటుంది, గాలి తగిలిన కాసేపటికి నీలం తిరుగుతుంది. ఈ కాయలో ఇండిగో ఉందని రసాయనశాస్త్రవేత్తలు తేల్చారు, నీలిమందులో ఉండేదే. వాసన మాత్రం భరించలేం, పువ్వు ఎంత పరిమళమో గుజ్జు అంత కంపు. మనుషులు తినరు. దాని అడవిలో పెక్కరీ అనే పందుల్లాంటి జంతువులు ఆ వాసన పట్టుకునే వచ్చి గుజ్జూ గింజా కలిపి తింటాయి. గింజలకి సన్నటి నూగు ఉంటుంది, జంతువు కడుపులో గింజ పాడవకుండా అది కాపాడుతుంది, తిన్న జంతువు ఎక్కడో దూరాన వదిలేస్తుంది. చిన్న కాయలో అరవై చిల్లర గింజలుంటే, పెద్ద కాయలో 550 దాకా ఉంటాయి. అన్నీ ఒకే కాయలో!

పోయినసారి మా మేనకోడలికి ఒక పగిలిన కాయ చూపిస్తే ముక్కు మూసుకునే దగ్గర కూర్చుంది, "అత్తా, నీలం అయిపోతోంది, అత్తా, అంచు నుంచి వస్తోంది" అంటూ. ఆ పిల్లకి అయిదో తరగతి. గింజలు బాగా కడిగి పాల పాకెట్లలో మట్టి పోసి పెడితే నెల తిరక్కముందే నాలుగు మొలిచాయి. వాటిలో రెండు ఇప్పుడు మా పెరట్లో ఉన్నాయి.

ఆకుల గురించి ఒక్క మాట. ఈ చెట్టు ఉన్నట్టుండి ఆకంతా దులిపేస్తుంది, ఏడాదిలో ఒకసారి కాదు, ఎక్కువసార్లే. బోడి కొమ్మలు చూసి చెట్టు చచ్చిపోతోందని మా ఊళ్లో ఒకసారి పెద్ద టెన్షన్ పడ్డారు, ఎవరో మందు కూడా తెచ్చారు. వారం పది రోజుల్లో మళ్లీ లేత ఆకుతో నిండిపోయింది. దాని స్వభావమే అది, మందులేం అక్కర్లేదు.

దీని చుట్టాలు కూడా గొప్పవాళ్లే. డ్రైఫ్రూట్స్ దుకాణంలో కిలో వేలల్లో చెప్పే బ్రెజిల్ నట్ ఈ కుటుంబానిదే, దాని పువ్వుకీ ఇలాంటి పడగే ఉంటుంది, బలమున్న తుమ్మెద మాత్రమే ఆ పడగ ఎత్తుకుని లోపలికి వెళ్లగలదు. మన తూర్పు కనుమల్లో కుంభి చెట్టు, చెరువుగట్ల మీద ఎర్రటి గొలుసుల్లా పూలు వేలాడే సముద్రఫలం చెట్టు కూడా ఈ కుటుంబమే, వాటికి పడగ లేదు, కేసరాల కుచ్చు ఉంటుంది. అంటే నాగలింగం మనకి మరీ పరాయిదేం కాదు.

ఇప్పుడు అసలు గొడవకి. గుడి కమిటీవాళ్లది కూడా తీసిపారేసే భయం కాదు. రెండేళ్ల కింద ఒక కాయ ఊడి చెట్టు కింద పెట్టిన స్కూటర్ మీద పడి సీటు పక్కన రేకు లోపలికి పోయింది. అదే పిల్లల తల మీద పడితే? ఈ చెట్టుని నడిచే దారి పక్కన, బెంచీల పైన, బళ్లు పెట్టేచోట నాటకూడదు. కానీ ఉన్న చెట్టు పూలకొమ్మలు నరికేయడం దానికి మందు కాదు. కాయలు భయమైతే పెద్దవి కాకముందే, పిందెగా ఉన్నప్పుడే తెంపేయొచ్చు, కొమ్మ ముట్టుకోకుండా. అంతకంటే మంచిది చెట్టు చుట్టూ కంచె కట్టి కిందికి ఎవర్నీ వెళ్లనీయకపోవడం. ఇదే చెప్పాను కమిటీలో పెద్దాయనకి, "బాబాయ్ గారూ, పువ్వు కావాలంటే ఆ కొమ్మ ఉండాలి, ఆ కొమ్మ పోతే పత్రి కోసుకోడానికి ఆకు తప్ప ఏం మిగలదు" అని. ఆయన కాసేపు ఆ గాట్ల వంక చూస్తూ నిలబడ్డారు. "మాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారు.

ఆ మాటకే ఇదంతా రాశాను. మీ ఊరి గుడిలోనో పార్కులోనో ఈ చెట్టుంటే, మొద్దు మీద చిక్కుపడిన ఆకులేని కొమ్మలుంటే, ఎవరైనా కత్తి పట్టుకుని వస్తే, మీరు చెప్పండి.

మా చెట్టు పైభాగంలో, నిచ్చెన అందని చోట మిగిలిన కొమ్మలు ఈ వానాకాలంలో కూడా పూశాయి. కింద గాట్ల పక్కన మూడు చోట్ల పచ్చటి మొటికలు లేచాయి, పోయిన నెల చూస్తే ఒకటి వేలెడు పొడుగైంది. చుట్టూ వెదురు కంచె కట్టారు. కంచెకి ఒక రేకు బోర్డు ఉంది, మా మేనకోడలు దగ్గరుండి పెయింటర్ చేత రాయించింది: "పైన కాయలు ఉన్నవి, కంచె దాటవద్దు. మొద్దు మీద ఉన్నవి పూలకొమ్మలు, కొట్టవద్దు."